నలభై రెండో రోజు: ఒక మోటార్ మెకానిక్‌ని మీటింగ్ గది దాకా చేర్చిన కేసు

ఈ కేసు రాయాలనిపించింది ఒక తాళం వేసిన తలుపు వల్ల. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే మీటింగ్ అడ్రసు నేను చీటీ మీద రాసిస్తే, అది పట్టుకుని నా పేషెంటు ఒకాయన ముప్పై కిలోమీటర్లు బస్సులో వెళ్ళారు. గదికి తాళం వేసి ఉంది. పది నిమిషాలు అక్కడే నిలబడ్డారు. తర్వాత వెనక్కి తిరిగి, బస్టాండ్ పక్కన ఉన్న వైన్ షాపుకి వెళ్ళారు. ఆ తప్పు నాది.

నేను డీ-అడిక్షన్ విభాగంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. పదహారేళ్ళుగా ఇదే పని. ఆయన, ఆయన భార్య ఇద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పేరు రాయను, మెకానిక్ గారు అనే అంటాను.

ఎలా వచ్చారు

వయసు నలభై మూడు. గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో మోటార్ వైండింగ్ షాపు. పొలం మోటార్లు కాలిపోతే రైతులు ట్రాక్టర్ మీద తెచ్చి దించుతారు. కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇస్తారు. సీజన్‌లో రాత్రి రెండింటి దాకా పని ఉంటుంది. పని అయ్యాక డబ్బులతో పాటు ఒక క్వార్టర్ చేతిలో పెట్టడం ఆ చుట్టుపక్కల మర్యాద కింద చెల్లుతోంది. భార్య ఇంట్లోనే బట్టలు కుడతారు. ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం.

నవంబర్‌లో ఒక రోజు పొద్దున ఫిట్స్‌తో తీసుకొచ్చారు. అయ్యప్ప మాల వేసుకుని అది రెండో రోజు. పీఠం ముందు కూర్చుని పూజ చేస్తూ పడిపోయారు. దేవుడికి కోపం వచ్చిందని పక్కనున్నవాళ్ళు భయపడ్డారు. జరిగింది వేరు. ఏళ్ళ తరబడి రోజూ తాగే శరీరానికి ఉన్నపళంగా మందు ఆపేస్తే మెదడు అదుపు తప్పుతుంది. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఈయన మాల వేసుకునే ముందు సాయంత్రం ఆఖరిసారి తాగారు. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కార్తీక మాసంలో ఇలాంటి కేసులు మేం చూస్తూనే ఉంటాం. మాల వేసుకోవాలనుకోవడం మంచి ఆలోచన. కానీ పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్ళు, వణుకు తగ్గడానికి నైంటీ వేసుకునేవాళ్ళు, మాలకి పది రోజుల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ మాట గురుస్వాములు చెబితే మా మాట కన్నా ఎక్కువ మంది వింటారు.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు గురుస్వామి వచ్చి మాల తీశారు. అప్పుడు మెకానిక్ గారి కళ్ళలో నీళ్ళు వచ్చాయని భార్య తర్వాత చెప్పారు.

అంతకు ముందు కథ

మొదటి గుక్క పదిహేడేళ్ళకి. వైండింగ్ నేర్పిన గురువు ఇచ్చారు. ఇరవై ఐదు దాటాక రోజూ. వచ్చేనాటికి రోజుకి మూడు క్వార్టర్లు. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. మూడు క్వార్టర్లంటే రోజుకి 180 గ్రాములు లోపలికి వెళ్తున్నట్టు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆంపియర్లూ వోల్టులూ లెక్కలు వేసుకునే మనిషి కదా, అంకెలు చెబితే ఆయనకి ఎక్కుతుంది.

ఆయన తండ్రి సారా తాగి యాభై నిండకుండానే పోయారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం వాళ్ళ ఊరికీ వచ్చింది. వాళ్ళమ్మ చీపురు పట్టుకుని మిగతా ఆడవాళ్ళతో కలిసి సారా దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చినప్పుడు ఊళ్ళో బెల్లం పంచారట. ఈయనకి అప్పుడు పదమూడేళ్ళు. "మా అమ్మ ఊరి దుకాణం మూయించింది మేడం. కొడుకు నోరు మూయించలేకపోయింది" అన్నారు. ఈ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. ఆ ఉద్యమంలో కూర్చున్న తల్లుల కొడుకులు, మనవలు ఇవాళ మా వార్డులో ఉన్నారు.

అంతకు ముందు రెండుసార్లు చికిత్స జరిగింది. ఒకసారి ఒక ఆసుపత్రిలో వారం రోజులు సెలైన్లు ఎక్కించి పంపేశారు. రెండోసారి ఒక ప్రైవేటు సెంటర్‌లో బంధువులు బలవంతంగా చేర్చారు. నాలుగు నెలలు తలుపులు వేసి ఉంచారు, కొట్టారు కూడా. బయటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్ళీ తాగారు. ఈ మధ్యలో భార్య ఎవరి మాటో విని, చెప్పకుండా కూరలో కలిపే పొడి తెప్పించారు. అలాంటి వాటిలో కొన్నిట్లో డైసల్ఫిరాం ఉండే ప్రమాదం ఉంది. అది ఒంట్లో ఉండగా మందు తాగితే బీపీ పడిపోవచ్చు, గుండె మీదికి రావచ్చు. ఆ మాత్ర డాక్టరు ఇస్తారు, కానీ తాగే మనిషికి తెలిసి, ఒప్పుకున్నాకే. ఈ కేసులో ఏమీ కాలేదు, అదృష్టం.

అంచనా

తాగుడు ఎంత ముదిరిందో అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వ్యసనంగా మారి ఉండొచ్చని జాగ్రత్తపడతాం. ఈయనకి 31. లివర్ పరీక్షలో, తాగుడు ఎక్కువైతే పెరిగే జీజీటీ అనే ఎంజైమ్ 412. థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించారు. వణుకు, ఫిట్స్ అదుపు చేసే లొరాజెపామ్ రోజురోజుకీ తగ్గిస్తూ పదో రోజుకి ఆపేశారు. తర్వాత సైకియాట్రిస్ట్, తాగాలనే కోరిక తగ్గించే అకాంప్రోసేట్ మాత్రలు మొదలుపెట్టారు. వైద్యం వైపు ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. మందుల పని మందులు చేశాయి.

నన్ను ఆలోచింపజేసింది మాలల సంగతి. ఇది ఆయన నాలుగో మాల. అంతకు ముందు మూడుసార్లు మండల దీక్ష పూర్తిచేశారు. ఒక్కోసారి నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మూడుసార్లూ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే తాగారు. ఇంట్లోవాళ్ళు దీన్ని "దేవుడి భయం ఉన్నన్నాళ్ళే" అని చెప్పుకున్నారు. నాకు అలా అనిపించలేదు. ఒక రోజు ఆయన్నే అడిగాను, దీక్షలో రోజు ఎలా గడుస్తుందో చెప్పమని.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. చన్నీళ్ళ స్నానం. సాయంత్రం సన్నిధానంలో భజన. అక్కడ పది మంది స్వాములు ఉంటారు. ఒకరోజు రాకపోతే ఫోన్ చేస్తారు. ఊళ్ళో అందరూ "స్వామీ" అని పిలుస్తారు, తాగుబోతు అని కాదు. రైతులు క్వార్టర్ తీసుకురారు. ఏ అనుమానం వచ్చినా అడగడానికి గురుస్వామి ఉంటారు, ఆయన పద్దెనిమిది సార్లు కొండెక్కిన మనిషి. ఇవన్నీ చెప్పాక నేను అడిగాను, నలభై రెండో రోజు వీటిలో ఏం మిగులుతుంది అని. ఆయన కాసేపు ఆగి, "ఏమీ ఉండవు మేడం. పీఠం తీసేస్తాం. ఎవరి పనిలో వాళ్ళు పడతారు" అన్నారు.

ఈ కేసులో నా అంచనా అంతా ఈ జవాబు మీద కట్టుకున్నదే. మానడం ఆయనకి చేతనవును, మూడుసార్లు చేసి చూపించారు. మానిన మనిషిగా బతకడానికి తోడు, పద్ధతి, పిలిచే పేరు, అడిగే మనిషి కావాలి. దీక్షలో అవన్నీ ఉన్నాయి, కానీ అన్నీ ఒకే రోజు పోతాయి. నలభై రెండో రోజు కూడా తెరిచి ఉండే గది ఒకటి కావాలి. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్ నాకు తట్టింది అందుకే.

చీటీ మీద పంపడం

డిశ్చార్జ్ రోజు నేను చేసింది ఇదీ. ఏఏ గురించి పావుగంట చెప్పాను. నా దగ్గరున్న జాబితాలోంచి దగ్గర్లో ఉన్న మీటింగ్ అడ్రసు, రోజు, టైము ఒక చీటీ మీద రాసిచ్చాను. "తప్పకుండా వెళ్ళండి" అన్నాను. ఆయన తలూపి జేబులో పెట్టుకున్నారు.

ఆ గ్రూపు అప్పటికే టైము మార్చుకుంది. నా జాబితా పాతది. నేను ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే తెలిసేది. డిసెంబర్ రెండో వారంలో ఆయన మళ్ళీ వణుకుతూ వచ్చారు. తాళం సంగతి అప్పుడే తెలిసింది. "నేను వస్తున్నానని తెలిసే తాళం వేశారేమో అనిపించింది" అన్నారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మొదటిసారి సాయం అడగడానికి వెళ్ళే మనిషి మనసు సరిగ్గా అలాగే ఉంటుంది. మూసిన తలుపు తనకోసమే మూశారనుకుంటుంది.

చాలా ఏళ్ళ కిందట చదివిన ఒక అధ్యయనం ఆ రాత్రి మళ్ళీ తీసి చదివాను. 1981లో సిస్సన్, మల్లామ్స్ అనే ఇద్దరు అమెరికాలో చేసింది. చాలా చిన్నది, ఇరవై మందితో. పది మందికి మామూలుగా మీటింగ్ వివరాలు చెప్పి వెళ్ళమన్నారు. మిగతా పది మందికి కౌన్సిలర్ తన గదిలోంచే ఏఏ సభ్యుడికి ఫోన్ చేసి మాట్లాడించారు, ఆ సభ్యుడే వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళే ఏర్పాటు చేశారు. రెండో పది మందీ వెళ్ళారు. మొదటి పది మందిలో ఒక్కరూ వెళ్ళలేదు. ఈ సంగతి తెలిసి కూడా నేను చీటీ రాసిచ్చాను. రోజుకి పాతిక మంది పేషెంట్లు ఉన్నప్పుడు చీటీ రాయడం తేలిక, అంతే.

ఏఏ పుట్టిందే ఒక ఫోన్ కాల్‌తో అని చాలామందికి తెలియదు. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో, బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి ఒక హోటల్ లాబీలో నిలబడ్డాడు. వచ్చిన పని చెడిపోయింది. పక్కనే బార్ ఉంది. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. బార్‌లోకి వెళ్ళకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని ఆయనకి అనిపించింది. ఆ ఊళ్ళోని చర్చిలకి వరసగా ఫోన్లు చేశాడు. అలా దొరికిన మనిషి బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆయన ఆఖరిసారి తాగిన రోజు, 1935 జూన్ 10, ఏఏ పుట్టినరోజుగా లెక్క. ఇద్దరూ ఒకరికొకరు డాక్టరూ పేషెంటూ కారు. అది పనిచేసింది కూడా అందుకే.

గది వెతకడం

ఫిట్స్ చరిత్ర ఉంది కాబట్టి ఇంటి దగ్గర మాన్పించడం కుదరదు. మళ్ళీ చేర్చుకున్నారు. ఆ ఆరు రోజుల్లో నేను చేసిన పని మీటింగ్ వెతకడం. ఇది గంటల పని, పేషెంటుకి వదిలేసే పని కాదని ఇప్పుడు నా అభిప్రాయం.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి వారీగా గ్రూపులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. కానీ జాబితాలో ఉన్నది ఇవాళ్టికి నిజమో కాదో ఫోన్ చేసి అడగాలి. ఏ భాషలో జరుగుతుందో అడగాలి. ఒకసారి ఒక తాపీ మేస్త్రీని హైదరాబాద్‌లో ఒక మంచి మీటింగ్‌కి పంపాను. అక్కడ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మళ్ళీ ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అనేది అడగాలి. ఓపెన్ మీటింగ్‌కి కుటుంబసభ్యులు, మాలాంటివాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. అయిపోయేసరికి ఆఖరి బస్సు ఉంటుందా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పల్లెటూరి మనిషి రికవరీ చాలాసార్లు ఆ ఆఖరి బస్సు మీద ఆధారపడి ఉంటుంది.

నాలుగు గ్రూపులకి ఫోన్ చేశాను. ఒక నంబర్ పనిచేయలేదు. ఒకటి రాత్రి ఎనిమిదికి, బస్సు ఉండదు. మూడోది కుదిరింది: ఆదివారం సాయంత్రం, తెలుగులో, ఒక చర్చి వెనక సండే స్కూల్ గదిలో. ఇంకోటి జూమ్‌లో, వారంలో మూడు రాత్రులు, అదీ తెలుగులోనే. ఈ జూమ్ మీటింగులు కరోనా కాలంలో పెరిగాయి. ఊళ్ళో ఎవరికంటా పడకుండా ఉండాలనుకునే ఆడవాళ్ళకి ఇవి చాలా ఉపయోగం. తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్ళకి మగవాళ్ళు నిండిన గదిలోకి అడుగుపెట్టడం ఎంత కష్టమో మేం అర్థం చేసుకోవాలి.

ఆ ఆదివారం నేనే ముందు వెళ్ళి కూర్చున్నాను. ఓపెన్ మీటింగ్. పన్నెండు మంది, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. గంటన్నర. ఒక్కొక్కరూ తన పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, తన సంగతి చెప్పుకున్నారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా చెప్పరు. చివర్లో ఒక సంచీ తిప్పారు, ఇష్టమున్నవాళ్ళు పదీ ఇరవై వేశారు. కొత్తవాళ్ళని వేయొద్దన్నారు. నేనూ వేయబోతే ఆపారు. బయటివాళ్ళ డబ్బు తీసుకోకూడదన్నది వాళ్ళ పద్ధతి.

సోమవారం వార్డులో మెకానిక్ గారికి ఇవన్నీ చెప్పాను. ఆయన భయాలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అక్కడా తలుపులు వేస్తారా? లేదు, మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. డబ్బెంత? ఏమీ లేదు. పేరు రాసుకుంటారా? లేదు. వాళ్ళ మతంలోకి మారమంటారా? ఈ ప్రశ్న అడగడానికి ఆయన చాలా మొహమాటపడ్డారు. గది చర్చిది, అద్దెకి ఇచ్చారు, ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు అని చెప్పాను. ఏఏ వాళ్ళు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంటుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్ళకి. దేవుణ్ణి నమ్మనివాళ్ళకి ఇది ఇబ్బందిగా ఉంటుందన్నది నిజమే. వాళ్ళతో నేను ఆ సంగతి ముందే మాట్లాడతాను. ఈయనకి మాత్రం ఆ ఇబ్బంది లేదు, అయ్యప్ప ఉన్నాడు.

అప్పుడు ఆ గ్రూపులోని ఒక పెద్దాయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ముందే మాట్లాడి ఉంచాను. ఆయన హితబోధ ఏమీ చేయలేదు.

"ఎన్ని రోజులైంది తమ్ముడూ?"

"ఐదు రోజులండీ."

"నాకు పందొమ్మిదేళ్ళు. అయినా ఇవాళ ఒక్కరోజు తాగకుండా చూసుకోవడమే నా పని కూడా. నిద్ర పడుతోందా?"

"లేదండీ."

"పట్టదు. నాకు రెండు నెలలు పట్టలేదు. ఆదివారం ఏ బస్సుకి వస్తావు? బస్టాండ్‌లో పుస్తకాల కొట్టు దగ్గర నిలబడతాను. నీలం చొక్కా."

మొత్తం నాలుగు నిమిషాలు. నేను నాలుగు సెషన్లలో చెప్పలేనిది ఆ నాలుగు నిమిషాల్లో ఆయనకి చేరింది. మధ్యలో ఎప్పుడో "అండీ" పోయి "అన్నా" వచ్చింది.

గదిలో

మొదటి మీటింగ్‌లో ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండో దాంట్లోనూ అంతే. మూడో మీటింగ్‌లో ఒక రిటైర్డ్ లెక్చరర్, కాలేజీకి వెళ్ళేముందు బాత్రూంలో ఎక్కడ సీసా దాచేవారో చెప్పారట. మెకానిక్ గారు మోటార్ల స్టేటర్లలో దాచేవారు. "అంత చదువుకున్నాయన కూడా నాలాగే దాచాడు మేడం" అన్నారు నాతో. మొహం మీద ఒక రకమైన తేలిక. తన సిగ్గు ఇంకొకరి నోట వినడం ఏ కౌన్సిలర్ ఇవ్వగలిగేదీ కాదు. మాకు చదువు ఉంది, ఆ సిగ్గు అనుభవం లేదు.

మొదటి మూడు నెలల్లో గదిలో పదకొండు, ఫోన్లో ఇరవై ఆరు మీటింగులు. తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని గ్రూపుల్లో ఒక మాట ఉంది. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండి షాపు మీద బతికే మనిషికి ఆ అంకె చెబితే భయపడి మానేస్తాడు. నేను చెప్పలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే ఒకప్పుడు మూడో క్వార్టర్ తెరిచే టైముకి, ఫోన్ మీటింగ్‌లో ఉండమన్నాను.

భార్య

కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అనే వేరే గ్రూపులు ఉన్నాయి, 1951లో మొదలయ్యాయి. ఆవిడకి చెబితే, "తాగేది ఆయన, మీటింగ్‌కి నేనెందుకు వెళ్ళాలి మేడం? ఇరవై ఏళ్ళు పడింది చాలదా?" అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. బలవంతపెట్టలేదు. రెండు నెలల తర్వాత ఆవిడే అడిగారు. కారణం: ఆయన తాగడం లేదు, అయినా ఆవిడకి నిద్ర పట్టడం లేదు. గేటు చప్పుడైతే గుండె దడ. చొక్కా వాసన చూడకుండా ఉండలేకపోతున్నారు.

దగ్గర్లో కుటుంబసభ్యుల గ్రూపు లేదు. ఫోన్లో దొరికింది. మిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని వింటారు. ఈ జబ్బు తన వల్ల రాలేదని, తను అదుపు చేయలేనని, తను నయం చేయలేనని ఆవిడ అక్కడ విన్నారు. ఈ మూడు మాటల్లో మొదటిది విన్నప్పుడు ఏడ్చానని చెప్పారు. పెళ్ళైన కొత్తలో "నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడు" అని అత్తవారి వైపు ఒకరు అన్న మాట ఇరవై ఏళ్ళు మోశారు.

మాత్రల గొడవ

జనవరి చివర్లో గ్రూపులో ఒక సభ్యుడు, "మాత్రలు వేసుకుంటే అది నిజమైన మానడం కాదు" అన్నారట. మెకానిక్ గారు అకాంప్రోసేట్ ఆపేశారు, వారం తర్వాత గానీ నాకు చెప్పలేదు. నేను ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన చాలా బాధపడ్డారు. సభ్యులు ఎవరూ డాక్టరు పాత్ర వేయకూడదని ఏఏ ప్రచురణల్లోనే స్పష్టంగా ఉంది. తర్వాతి ఆదివారం ఆ సంగతి గదిలో చదివి వినిపించారు. గ్రూపుకి పంపే మాలాంటివాళ్ళు ఈ ప్రమాదం గురించి ముందే పేషెంటుకి చెప్పి ఉంచాలి. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మీటింగ్ పనిచేస్తుందా అని డాక్టర్లు అడుగుతుంటారు. 2020లో, వైద్య అధ్యయనాలని కలిపి పరిశీలించే కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు కలిపి చూసింది. పద్ధతి ప్రకారం ఏఏతో కలిపే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా చికిత్సల కన్నా మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. ఇందులో "పద్ధతి ప్రకారం కలిపే" అన్న మాట నాకు ముఖ్యం. చీటీ రాసివ్వడం ఆ పద్ధతి కాదు.

యాభై ఎనిమిదో రోజు తర్వాత

ఫిబ్రవరి, మిర్చి కల్లాల రోజులు. ఒక రైతు పాత బాకీ తీరుస్తూ ఫుల్ బాటిల్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అప్పటికి యాభై ఎనిమిది రోజులు. ఆకలిగా ఉన్నారు, రెండు రాత్రుల నిద్ర లేదు, షాపులో ఒక్కరే ఉన్నారు. సగం తాగారు.

ఇంతకు ముందైతే అది మూడు నెలలు సాగేది. ఈసారి తెల్లవారి ఐదింటికి పెద్దాయనకి ఫోన్ చేశారు. ఆయన వచ్చి తీసుకెళ్ళి మా దగ్గర చేర్చారు. రెండు రోజులు గమనించి పంపాం. ఆదివారం గదిలో చెప్పారు. ఎవరూ తిట్టలేదు, "మళ్ళీ రండి" అన్నారు. లెక్క మాత్రం మళ్ళీ ఒకటి నుంచి మొదలు. దీనికి ఆయన చాలా కుంగిపోయారు. ఈ ఒక్క విషయంలో నాకు గ్రూపుతో పూర్తిగా పొత్తు కుదరదు. యాభై తొమ్మిది రోజుల్లో యాభై ఎనిమిది తాగకుండా ఉన్న మనిషి చేతిలో సున్నా పెట్టడం నాకు మనసొప్పదు. కేస్ షీట్‌లో నేను రెండు లెక్కలూ రాస్తాను.

తర్వాత షాపులో రెండు మార్పులు చేసుకున్నారు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేస్తారు. గోడ మీద "మందు తీసుకోబడదు, డబ్బు మాత్రమే" అని పెయింట్‌తో రాయించారు. అది రాయించడానికి ఎంత ధైర్యం కావాలో ఆ ఊళ్ళో వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు

ఫిబ్రవరి నుంచి తాగలేదు. జీజీటీ 58కి దిగింది. ఇలాంటి ఫలితం మా దగ్గర అందరికీ రాదు. మన దేశంలో తాగుడుకి పూర్తిగా బానిసలైనవాళ్ళు దాదాపు 2.9 కోట్ల మంది ఉన్నారని 2019లో ప్రచురించిన జాతీయ సర్వే చెప్పింది. అలాంటి వాళ్ళలో ఏదో ఒక చికిత్స అందేది 38 మందిలో ఒక్కరికే. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో తెలియనివాళ్ళు డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయొచ్చు. రెండోది తెలుగులో మాట్లాడుతుంది.

ఈ నవంబర్‌లో ఆయన మళ్ళీ మాల వేసుకుంటానన్నారు. భార్య నా దగ్గరికి పరుగున వచ్చారు. ఆవిడ భయం మాల గురించి కాదు, మాల తీసే రోజు గురించి. ముగ్గురం కూర్చుని మాట్లాడాం. దీక్షలో ఉన్నా ఆదివారం మీటింగ్ మానకూడదని అనుకున్నాం. గురుస్వామికి ఆయనే సంగతి చెప్పుకున్నారు. ఆ గురుస్వామి కాసేపు ఆలోచించి, వెళ్ళు స్వామీ అన్నారట.

అలా ఆరు ఆదివారాలు నల్లబట్టల్లో, మెడలో మాలతో, చెప్పులు లేకుండా బస్సెక్కి చర్చి వెనక గదికి వెళ్ళి కూర్చున్నారు. గదిలో వాళ్ళు కుర్చీ మీద తువ్వాలు పరిచి ఇచ్చారు. టీ బయటిది తాగరని తెలిసి అరటిపళ్ళు తెచ్చి పెట్టారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అంటే, ఎదురుగా ఉన్నవాళ్ళు "నమస్తే స్వామీ" అన్నారు.

మాల తీసింది మంగళవారం. ఆ రోజు గదిలో మీటింగ్ లేదు. పెద్దాయనా, ఇంకో ఇద్దరూ మధ్యాహ్నమే షాపుకి వచ్చి కూర్చున్నారు. కాలిపోయిన మోటార్ ఒకటి ఉంటే విప్పి చూపించమన్నారు. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి, తొమ్మిదిన్నరకి నలుగురూ ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని జూమ్ మీటింగ్‌లో ఉన్నారు. భార్య ఉప్మా చేసి పంపారు.

కూతురు ఇంకా తండ్రితో పెద్దగా మాట్లాడదు. డిగ్రీలో చేరింది, హాస్టల్లో ఉంటోంది. తాగే ఇళ్ళలో పెరిగిన పిల్లలకి అలాటీన్ అనే గ్రూపు ఉందని చెప్పాను, వద్దంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు తండ్రి చొక్కా ఉతుకుతూ జేబులో చేయి పెట్టి చూసిందని వాళ్ళమ్మ చెప్పారు. ఏమీ దొరకలేదు. అయినా వచ్చే సెలవుల్లో మళ్ళీ చూస్తుంది. వచ్చే నెల విజిట్‌కి కూతురినీ తీసుకురమ్మన్నాను.